గోడలో రొట్టె

కోకంద్ పాతబస్తీలో మేం అద్దెకు దిగిన ఇంట్లో గోడలన్నీ ఉత్త ఇటుకవి, పైన పూత లేదు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేవి. మేకును దిగనిచ్చేవి గానీ నిలవనిచ్చేవి కావు.

నాకు షెల్ఫు కావాల్సింది గిన్నెల కోసం కాదు. మా మనవడు ఎల్యోర్ రష్యాకు పనికి పోతూ, మా ఆనవాయితీ ప్రకారం గడపలో నిలబడి రొట్టె ఒక్క కొరుకు కొరికి వెళ్ళాడు. మిగిలింది తిరిగొచ్చి వాడే తినాలి. అందాకా అది మనిషి తల కంటే ఎత్తున, ఎలుక ముట్టకుండా ఉండాలి. దానికేమన్నా అయితే పోయినవాడు దారి తప్పుతాడంటారు. వాడేమో ఇవాళో రేపో అక్కణ్ణుంచి ఇంటికి బయల్దేరతానంటున్నాడు. ఇక్కడ రొట్టె ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

మంచు పడుతున్న ఆ మధ్యాహ్నం మా అబ్బాయి తుర్గున్ మళ్ళీ డ్రిల్లు మిషను పట్టుకున్నాడు. కన్నం పెట్టాడు, చెక్క బిరడా కొట్టాడు, స్క్రూ తిప్పాడు. చెయ్యి తీయగానే షెల్ఫు ఊడి కాళ్ళ మీద పడింది. చోటు మార్చాడు. మళ్ళీ పడింది.

"గోడేనా ఇది? బిస్కెట్లు పేర్చారు!" అని ఇటుకను ఒక్క తన్ను తన్నాడు.

"గోడనెందుకు తిట్టడం? మన పెళ్ళిలో తెరకు మేకు కొట్టిందీ మీరే. అదీ ఊడింది," అంది కోడలు ముకద్దస్.

"చాల్లేవే... చీపురు తే."

తర్వాతి కన్నంలో మిషను ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. చుట్టూ సున్నం రాలి ఇటుక కదిలింది. లాగితే వెనక చిన్న గూడు. తడిమట్టి వాసన. గుడ్డలో చుట్టిన రొట్టె... ఒక్క కొరుకు కొరికి ఉంది. రాయిలా ఎండిపోయింది. కొరికిన అంచు మాత్రం తడిగా ఉంది.

"లోపల పెట్టెయ్యమ్మా," తుర్గున్ గొంతు తగ్గించాడు. "మనది కాదు."

రొట్టెను దుమ్ములో ఎలా వదులుతాం?

"ఏ తల్లి ఎదురుచూసిందో పాపం," అని ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాను.

వాడు ఆఖరుసారి షెల్ఫు బిగించాడు. రెండు రొట్టెలూ పక్కపక్కన పెట్టాను.

"పట్టుకుందే!" అన్నాడు, తానే నమ్మలేనట్టు.

పట్టుకుంది. అప్పుడు తట్టింది నాకు. ఎదురుచూసే తల్లి రొట్టెను ఎత్తున పెడుతుంది గానీ, ఇటుక అడ్డం పెట్టి సున్నంతో మూస్తుందా? ఎవరో... అది కొరికి వెళ్ళినవాడు తిరిగి రాకూడదనుకున్నారు.

"తియ్యరా దాన్ని!"

రొట్టె చెక్కను వదల్లేదు. షెల్ఫే పీకేద్దామని తుర్గున్ రెండు చేతులా వేలాడాడు. కదల్లేదు.

"ఇందాకంతా ఉండనన్నావు, ఇప్పుడు రానంటావా!" వాడికి ఏడుపొక్కటే తక్కువ.

ఫోను మోగింది. ఎల్యోర్.

"నాయనమ్మా, రైలెక్కేశా. నా పక్కనాయనదీ కోకందేనట. ఇన్నాళ్ళకి వాళ్ళమ్మ పిలిచిందట. ఇల్లెక్కడా అంటే... మనిల్లే చెబుతున్నాడు."

"దిగిపో నాయనా. ఏ స్టేషనైనా సరే, దిగిపో..."

అవతల రైలు చప్పుడు. ఎవరో నెమ్మదిగా ఊపిరి పీల్చారు.

"అమ్మా. పాలు వెచ్చబెట్టు. రొట్టె నానేసుకోవాలి... నాకు పళ్ళు లేవు."

గొంతు మా ఎల్యోర్‌దే.