గాజు తొట్టిలో గోదావరి

క్లాస్‌రూమ్ తలుపులు మూసి, కిటికీలకు చార్టులు అడ్డం పెట్టారు. గోడమీది పెద్ద టీవీలో ఎర్రెర్రని చేపపిల్లలు గుంపుగా ఈదుతున్నాయి. వీడియోలో ఆరో తరగతి నవీన గొంతు వినిపిస్తోంది.

"ఇవి కొరమట్ట పిల్లలు. గోదావరి పక్కన మడుగులో కెమెరా ముంచి తీసిన వీడియో ఇది. తల్లిచేప వీటి కిందే తిరుగుతూ కాపలా కాస్తుంది. దయచేసి వీటిని పట్టకండి. నీళ్లలోనే బతకనివ్వండి."

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పక్కనున్న ప్రైమరీ బడి నుంచి వచ్చిన చిన్నపిల్లలైతే ఆపకుండా కొట్టారు. నవీన మాత్రం బెంచీ మీద గీతలు చూస్తూ కూర్చుంది.

"మన లక్సెట్టిపేట నీళ్లల్ల గింత అందం ఉన్నదని నాకే తెల్వది" అంది సైన్స్ చెప్పే అనసూర్య టీచర్. "సోమవారం జిల్లా సైన్స్ ఫెయిర్‌ల గిదే పెడదాం. నవీనా, జర లేచి చెప్పు బిడ్డా. గింత సాఫ్‌గా ఎట్ల తీసినవ్?"

నవీన లేచింది. "మా బాపు ఫోన్‌ను వాటర్‌ప్రూఫ్ కవర్ల పెట్టి, కర్రకు కట్టి ముంచిన టీచర్."

ఇది పూర్తి అబద్ధం కాదు, సగమే. సగం అబద్ధాలతో పెద్ద తిప్పలు. మింగుడు పడవు, బయటికి రావు. ఫోన్ ముంచిన మాట నిజమే. కానీ ఆ వీడియోలో బురదనీళ్లు తప్ప ఇంకేమీ పడలేదు.

పడకపోతే ఇంకోరోజు వెళ్లి చూడాలి. నవీనకు అంత ఓపిక ఎక్కడిది? ఆ రోజే మడుగు ఒడ్డున గాలి కోసం పైకి తేలిన చేపపిల్లల గుంపును చున్నీతో ఒక్కసారిగా బకెట్‌లోకి తోడేసింది. అప్పుడే నల్లటి వీపు ఒకటి ఆమె కాళ్ల దగ్గరికి దూసుకొచ్చి, నీళ్లను ఫట్‌మని కొట్టి తిరిగింది. అది తల్లిచేప అని నవీనకు తెలుసు. తెలిసే బకెట్ పట్టుకుని ఇంటికి నడిచింది.

వాకిట్లో పాత గాజు తొట్టి ఉంది. దాంట్లో ఇసుక పోసింది, గులకరాళ్లు పేర్చింది, కాస్త నాచు తెచ్చి పెట్టింది. పిల్లల్ని అందులో వదిలి, ఫోన్‌తో బయట నుంచే వీడియో తీసింది. గోదావరిలో కూడా అంత చక్కగా కనిపించవు.

మరునాడు పొద్దున సగానికి పైగా చచ్చి తేలాయి. మిగిలినవాటిని బడికి వెళ్లే తొందరలో మడుగులో గుమ్మరించింది. తల్లి వచ్చిందో లేదో చూడలేదు. చూడాలంటే భయమేసింది.

బడిలో వీడియో వేసిన మరునాటి సాయంత్రం, పక్కింటి ప్రజ్ఞ పరుగెత్తుకుంటూ వచ్చింది. నాలుగో తరగతి పిల్ల. చేతిలో టిఫిన్ బాక్స్.

"అక్కా, మూత తీసి సూడు" అంది.

లోపల నీళ్లలో ఎర్రటి చేపపిల్లలు కిక్కిరిసి ఉన్నాయి.

"నేను గూడ నీ లెక్క వీడియో తీస్త. చేపలను కాపాడాలె అని చెప్త. జర మీ తొట్టి ఇస్తవా?"

నవీన బాక్స్ చేతిలోకి తీసుకుంది. "పట్టొద్దని వీడియోల చెప్పిన గదా" అంది.

"పట్టకుంటె వీడియోల ఎట్ల కనవడ్తయ్ అక్కా? నువ్వు గూడ గట్లనే తీసినవ్. మొన్న మీ వాకిట్ల నేను సూడలేదా?"

ప్రజ్ఞ తప్పు పట్టడం లేదు. అలాగే చేయాలి కాబోలు అనుకుంటోంది. నవీనకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు.

"ఏడ పట్టినవ్? సూపెట్టు. ఉరుకు" అంది.

ఇద్దరూ మడుగు దగ్గరికి పరుగు తీశారు. ప్రజ్ఞ చూపించిన చోట నల్లటి వీపు ఒకటి ఇంకా సుళ్లు తిరుగుతోంది. నవీన మోకాళ్ల లోతు దిగి, బాక్స్‌ను మెల్లగా నీళ్లలోకి వంచింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. తల్లి వాటి కిందికి వచ్చి ఆగింది. ఒక్కొక్కటే దాని పైన చేరి, మళ్లీ ఎర్రటి గుంపు అయ్యాయి.

"అక్కా, ఫోన్ తెచ్చుకుందామా?" గుసగుసగా అడిగింది ప్రజ్ఞ.

"వద్దు."

నవీన తల తిప్పి, తాను చున్నీ ముంచిన చోటు చూసింది. అక్కడ ఎర్రటి గుంపు లేదు, నల్లటి వీపూ లేదు. చాలాసేపు చూసింది. ఆ తర్వాత అక్కడే ఏడ్చేసింది.

సోమవారం పొద్దున్నే స్టాఫ్‌రూమ్ ముందు నిలబడి టీచర్‌కు అంతా చెప్పింది.

అనసూర్య టీచర్ ముఖం మాడిపోయింది. "గీ ముచ్చట మొన్ననే చెప్పొద్దా?"

"అందరు సప్పట్లు కొట్టినంక చెప్పనీకి నోరు రాలే టీచర్."

"మరి ఇప్పుడు ఫెయిర్‌ల ఏం పెడదాం? నీ పేరు తీసెయ్యమంటవా?"

"వద్దు టీచర్. వీడియో గదే ఉండనియ్యండి. మాటలు మళ్ల చెప్త."

మధ్యాహ్నం సైన్స్ ఫెయిర్‌లో పాత మాటలు వినపడకుండా అదే వీడియో వేశారు. ఎర్రటి పిల్లలు అంతే అందంగా ఈదుతున్నాయి. ఎవరో "అబ్బ" అన్నారు. అప్పుడు టీవీ పక్కన నిలబడి నవీన మాట్లాడింది.

"ఇది గోదావరి కాదు. మా ఇంటి గాజు తొట్టి. వీటిని తల్లి దగ్గర నుంచి పట్టుకొచ్చింది నేనే. మీరు చూస్తున్న వీటిలో సగానికి పైగా మరునాడు పొద్దున చచ్చిపోయాయి."

వీడియో అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవీన చెవులు వేడెక్కాయి గానీ టీవీ పక్క నుంచి కదల్లేదు.

వెనక నుంచి వేరే బడి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "మరి మిగిలినయ్? అవ్విటికి తల్లి దొరికిందా?"

"ఏమో తెల్వది" అంది నవీన. "రోజు పోయి సూస్తున్న, ఒడ్డు మీద నిలబడే. ఇంకా కనవడలే."