జానెడు లేపి ఆగు

ఆదివారం పొద్దున్నే మల్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు మూడు రకాల హడావిడిలో ఉన్నారు. కాంతం పొయ్యి మీద ఉప్మా కలుపుతోంది. ఆమె కూతురు దేవిశ్రీ మంచం మీద కూర్చుని వీడియో గేములాడే తన స్టిక్ పెట్టెకు మరలు బిగిస్తోంది. కాంతం అత్తగారు రామలక్ష్మమ్మ ఒక చేతిసంచిలో పసుపు పొట్లం, దూది, పాత చీర చింపిన గుడ్డపీలికలు సర్దుతోంది.

"అవన్నీ ఏటి నాయనమ్మా?"

"దెబ్బలు తగిల్తే పసుపొత్తాలి గదే. కొట్లాటకెల్తన్నావు గదా?"

"కొట్టుకునేది నాను కాదు. తెర మీద బొమ్మలు కొట్టుకుంటాయి. నాను కుర్చీలో కూర్సుని స్టిక్ తిప్పుతాను. అంతే."

రామలక్ష్మమ్మ దూది సంచిలో కుక్కింది. "బొమ్మలే కొట్టుకుంటే, మరి మద్దెన నువ్వెందుకే వొణకడం?"

ఏడాదిగా దేవిశ్రీ తనకు తాను వేసుకుంటున్న ప్రశ్న కూడా అదే. నిరుడు ఇదే ఫైటింగ్ గేమ్ పోటీ ఫైనల్లో మూడు గేములు గెలిస్తే కప్పు అనగా, మొదటి రెండూ చకచకా గెలిచేసింది. ఇంకొక్కటి చాలనుకోగానే చేతులు వణకడం మొదలైంది. వరసగా మూడూ ఓడిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు కెమెరాను ఆమె వేళ్ళ మీదకే తిప్పాడు. ఆ వీడియో గాజువాక నుంచి సబ్బవరం దాకా తిరగని ఫోన్ లేదు.

ఆమె పనిచేసే కంప్యూటర్ సెంటర్లో కూడా దాన్ని చూపించి నవ్వారు. అప్పట్నుంచి రోజూ పని నుంచి రాగానే రెండు గంటలు సాధన చేసింది. ఇంట్లో ఒక్కర్తీ ఆడితే వేళ్ళు వెన్నలా కదులుతాయి. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, కొయ్యబారిపోతాయి. ఈసారి కూడా అలాగే ఓడిపోతే ఆట మళ్ళీ ముట్టనని తండ్రికి మాటిచ్చింది. ఆ అమ్మాయికి ఈ ఆదివారం అలాంటిది.

తండ్రి త్రినాథరావు తల తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చాడు. పోర్టు పక్కనున్న ఒక ప్రైవేటు యార్డులో ఇరవై ఏళ్ళుగా క్రేన్ ఆపరేటరు. మనిషి మంచివాడే. కానీ పరువు మాటొస్తే మాత్రం ముక్కు మీదే కోపం.

"ఎల్తన్నావా ఐతే?"

"ఎల్తన్నాను నాన్నా. పదకొండుకి మొదలు."

"నలుగురూ మళ్ళీ నవ్వితే గానీ నీకు సంబరం తీరదేటి? యార్డులో మావోళ్ళు ఆ వీడియో ఎన్నిసార్లు ఏసుకుని నవ్వినారో తెలుసా? క్రేన్ త్రినాథ్ కూతురి సేతులు సూడండ్రా అని!"

"ఈసారి వొణకవు."

"ఎవులు సెప్పినారు? నీ సేతులు నీకు సెప్పినాయేటి?"

దేవిశ్రీ ఇంకో మర బిగించింది. అప్పుడు ఆయన చూపు ఆట పెట్టె మీద పడింది. స్టిక్ చివర నిమ్మకాయంత ఎర్ర గుండు. అది ఆయన మొదట నడిపిన క్రేన్‌ది. ఆ క్రేన్‌ను తుక్కుకు వేసినరోజు లీవర్ మీది గుండు విప్పి తెచ్చి, ఐదేళ్ళ కూతురి చేతిలో పెట్టాడు. అప్పట్లో ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఆయన మేడ మీద నుంచి తాడుకు నీళ్ళచెంబు కట్టి లాగేవాడు. కింద నుంచి ఈమె క్రేన్ సిగ్నల్‌మాన్‌లా చేతులతో సైగలు చెయ్యాలి. నీళ్ళు ఒలికితే మళ్ళీ మొదట్నుంచి. పెద్దయ్యాక ఆ ఎర్ర గుండును ఆటోనగర్ లేత్ షాపుకి తీసుకెళ్ళి, తన స్టిక్‌కు సరిపోయేలా మర కోయించుకుంది.

ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టున్న త్రినాథరావుకు ఇవాళ అదే మంట పుట్టించింది.

"నాను అన్నం తిన్న లీవర్ది అది. సేతులు వొణికేవోళ్ళు లీవర్ ముట్టకూడదు. ఇప్పి ఇటిచ్చీ."

వంటగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. కాంతం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె త్రినాథరావుకు మేనమామ కూతురే. పెళ్ళయి పాతికేళ్ళయినా పిలుపు మారలేదు.

"మరి నువ్వు ముట్టి ఎన్నాళ్ళయినాది బావా?"

"ఏటి?"

"అద్దాల క్యాబిన్లో కూర్సున్నోడి సొక్కాకి ఎర్రమట్టి ఎలాగంటుకుంటాది? ఇన్నేళ్ళూ నీ సొక్కాకి సెమటే తప్ప మట్టి నేదు. మూడు నెల్లయి కాలరు కాణ్ణించి గుండీల దాకా ఎర్రమట్టే. ఉతుకుతన్నది నాను గదా, నాకు తెల్దేటి? నువ్వు క్రేనెక్కడం నేదు. కిందే ఉంటన్నావు."

కాంతం అక్కడితో ఆపలేదు.

"నువ్వే సెప్తావని సూసినాను. సెప్పనేదు, నాను అడగనేదు. మగోడు, మనసులో ఏదో ఉండుంటాది అనుకున్నాను. కానీ నీ బయం తెచ్చి ఈ గుంట నెత్తిన రుద్దితే మట్టుకు ఊరుకోను."

ఆయన కొక్కేనికున్న చొక్కా లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా బండి చప్పుడు వినిపించింది. దేవిశ్రీ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

"నాన్నకేటయినాదమ్మా?"

"నాకూ తెల్దు. సొక్కా సెప్పినంతవరకే తెలుసు." కాంతం కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉప్మా తినీసి లెగు. నాను కూడా వొత్తాను."

ముగ్గురూ ఆటో ఎక్కారు. పోటీ గాజువాకలో ఒక ఫంక్షన్ హాల్లో. ముందురోజు ఎవరి పెళ్ళో అయినట్టుంది, వేదిక మీద బంతిపూల దండలు ఇంకా వాడలేదు. పెళ్ళికూతురు కూర్చునే చోట పెద్ద తెర పెట్టారు. రామలక్ష్మమ్మ చుట్టూ చూసి, "బోజనాలు మేడ మీదేటి?" అని ఆరా తీసింది.

ఆట మొదలయ్యాక ఆవిడకు భోజనం గుర్తుకు రాలేదు. దేవిశ్రీ ఆడించే బొమ్మ ఒక బండ మల్లయోధురాలు. మెల్లగా నడుస్తుంది, కానీ దొరికినవాణ్ణి ఎత్తి కుదేస్తుంది. రెండో మ్యాచ్‌కల్లా రామలక్ష్మమ్మ కుర్చీ అంచుకు జరిగి, "ఆ లావుపాటామె మనదే! ఎత్తీ! ఎత్తి పడీసీ!" అని కేకలు మొదలుపెట్టింది. వెనక వరసలో కాలేజీ కుర్రాళ్ళు ఆవిడతో గొంతు కలిపారు. మూడో మ్యాచ్, నాలుగో మ్యాచ్, సెమీఫైనల్ దేవిశ్రీ గెలుచుకుంటూ వచ్చింది. హాలంతా ఈలలు. ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కూతురు గెలిచినప్పుడల్లా కాంతం చప్పట్లు కొడుతోంది.

ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది ఉమామహేష్. నిరుడు కప్పు ఎగరేసుకుపోయిన అనకాపల్లి కుర్రాడు. గెలిచినవాళ్ళు చెన్నైలో దక్షిణాది పోటీకి వెళ్తారు.

మొదటి గేమ్ దేవిశ్రీది. రెండోది కూడా. హాలు ఊగిపోయింది. ఇంకొక్కటి! సరిగ్గా అప్పుడే చిటికెన వేలు వణికింది. తర్వాత ఉంగరపు వేలు. ఆమెకు తెలుసు, ఇప్పుడేం జరుగుతుందో. దెబ్బ తగలగానే కంగారుపడి గాల్లోకి ఎగురుతుంది. ఉమామహేష్ దానికోసమే కింద కాచుకుని ఉంటాడు. మూడో గేమ్ అలాగే పోయింది. నాలుగోది ఇంకా తొందరగా పోయింది. రెండు రెండు.

"అదిగో, మళ్ళీ నిరుటిలాగే," అన్నారెవరో. ఎవరో ఫోన్ పైకెత్తి ఆమె వేళ్ళ వైపు తిప్పారు.

ఐదో గేమ్ మొదలుపెట్టడానికి బటన్ నొక్కమని తెర అడుగుతోంది. ముప్ఫై సెకన్ల గడువు. ఉమామహేష్ అప్పటికే నొక్కేశాడు. దేవిశ్రీ ఎప్పుడూ వెంటనే నొక్కేస్తుంది. ఏదైనా కానీ, తొందరగా అయిపోతే చాలని. నొక్కబోతూ, అమ్మ కోసం జనంలోకి చూసింది.

హాలు వెనక తలుపు దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు.

ఆయన అరవడం లేదు, చెయ్యి ఊపడం లేదు. రెండు చేతులూ పొట్ట ముందుకు తెచ్చి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. హాల్లో ఆ సైగ తెలిసింది ఆ ఇద్దరికే. అన్నీ ఎక్కడివక్కడ ఆపు అని దాని అర్థం. మేడ మీద నుంచి దిగిన తాడు, నీళ్ళచెంబు, తండ్రి గొంతు ఒక్కసారిగా ఆమెకు గుర్తొచ్చాయి. 'ముందు జానెడు లేపి ఆగు. మన సేతికందేంత ఊగుడు తగ్గనీ. అప్పుడు పైకి.'

దేవిశ్రీ స్టిక్ వదిలేసింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఇరవై సెకన్లు. పదిహేను. జనం గుసగుసలాడారు. ఉమామహేష్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఏటైందే నీకు, నొక్కు!" అని రామలక్ష్మమ్మ కేకేసింది. దేవిశ్రీ ఊపిరి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చింది. వణుకు పోలేదు. కానీ తాడుకు వేలాడే చెంబు ఊగుడులా కొంచెం కొంచెంగా చిన్నదైంది. నాలుగు సెకన్లుండగా బటన్ నొక్కింది.

ఐదో గేమ్‌లో మొదటి దెబ్బ ఆమెకే తగిలింది. వేళ్ళు ఎగరమన్నాయి. ఆమె ఎగరలేదు. కాచుకుని కూర్చుంది. ఎగురుతుందని కింద కాచుకున్న ఉమామహేష్ దెబ్బ గాలికి పోయింది. అందాడు! మల్లయోధురాలు అతన్ని ఎత్తి కుదేసింది. హాలు లేచి నిలబడింది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఆగింది. ఇప్పుడు తొందర అతనిది. తెర మీద ఇద్దరి బొమ్మలకూ ప్రాణం గీతంత మిగిలింది. అతను ముందుకు దూకాడు. దేవిశ్రీ వణుకుతున్న వేళ్ళతోనే ఎర్ర గుండును ఒక్క చుట్టు తిప్పింది. మల్లయోధురాలు అతన్ని ఒడిసిపట్టి కుదేసింది.

తర్వాత ఏం కేకలు వినిపించాయో ఎవరికీ గుర్తులేదు. రామలక్ష్మమ్మ మాత్రం పక్కనున్న కుర్రాడి వీపు మీద దబదబా బాదింది. చివరికి ఆ పసుపు పొట్లం వాడికే పనికొచ్చేలా ఉంది.

హాలు మెట్ల మీద త్రినాథరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కప్పు పట్టుకుని వచ్చిన కూతుర్ని చూసి జరిగి చోటిచ్చాడు. కాంతం వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయనే మొదలుపెట్టాడు.

"మూడు నెల్ల కిందట స్టీల్ కాయిల్ లేపినాను. ఊగుడు తగ్గనేదు. అయినా తొందరపడి తిప్పీసినాను. లారీ క్యాబిన్ సగం నొక్కుకుపోనాది. డ్రైవరు టీకి దిగినాడు గాబట్టి బతికినాడు. మర్నాడు నిచ్చెనెక్కుతుంటే సేతులు ఆగవు. నాలుగు మెట్లెక్కి దిగిపోనాను. కింద సిగ్నలిత్తానని నానే అడిగి తీసుకున్నాను."

"మాతో సెప్పొచ్చు గదా నాన్నా."

"ఏటని సెప్తాను? నిరుడు ఆ వీడియో సూసి నానూ నవ్వినానే. మొన్న మళ్ళీ ఏసినారు. అందరికీ నీ సేతులు కనపడినాయి. నాకు నా సేతులే కనపడినాయి." ఆయన కళ్ళు నిండాయి. "పొద్దున నీ మీద అరిసీసి యార్డు గేటు దాకా ఎల్లిపోనాను. మీ యమ్మ మాట ఎనకాలే వొచ్చినాది. తిరిగొచ్చీసినాను."

"నీ సైగ సూసే గెలిసినాను నాన్నా."

"సైగేటి తల్లీ, అలగ గట్టిగా పట్టుకోకపోతే నా సేతులు వొణుకుతన్నాయని హాలంతటికీ తెలిసిపోయీది!"

ఏడుస్తూనే నలుగురూ నవ్వారు. దేవిశ్రీ కప్పు పక్కన పెట్టి, తన రెండు చేతులూ ఆయన ముందు చాపింది. వేళ్ళు ఇంకా సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

"నాకూ పోనేదు. ఆఖరిదాకా ఉంది."

త్రినాథరావు ఆ వేళ్ళ వైపు ఆశ్చర్యంగా చూశాడు. "వొణుకుతూనే గెలిసినావేటి?"

"ఊగుడు పూర్తిగా ఎప్పుడు ఆగుతాది నాన్నా? మన సేతికందేంత తగ్గితే సాలని సెప్పింది నువ్వే గదా."

ఆమె ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఎర్ర గుండు విప్పింది. తండ్రి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "చెన్నైకి ఇంకా నెలుంది. అంతవరకూ నీ జేబులో పెట్టుకో. ముందు ఖాళీ కొక్కెంతో ఎక్కు. జానెడు లేపి ఆగు."

సోమవారం యార్డులో ఆయన తన సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఇంకో ఆపరేటర్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ కొక్కెంతో సాధన చెయ్యడానికి ఒప్పించుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ ముందుగా చెప్పలేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా చొక్కా విప్పి కాంతం చేతికిచ్చి, స్నానానికి వెళ్ళిపోయాడు. కాంతం దాన్ని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకెళ్ళింది. కాలరు విప్పి చూసింది. గుండీల పట్టీ తిప్పి చూసింది. వెలుతురు చాలలేదేమోనని లైటు కిందకు తెచ్చి మళ్ళీ చూసింది. జేబులో ఎర్ర గుండు బరువుగా తగిలింది. వీపు మీద చెమట ఆరిన తెల్లటి చారలున్నాయి.

ఎర్రమట్టి ఎక్కడా లేదు. కాంతం ఆ చొక్కాను మొహానికి హత్తుకుని, బండ మీద కూర్చుని, హాయిగా ఏడ్చింది.