వంక ఒడ్డు గరిక

మాది గడ్డి పరిశోధన అంటే ఊర్లో అందరికీ నవ్వే. "ఏమమ్మా కృపా, ఈడ పశువులకే మేత లేక సస్తాంటే, మీరు ఆటల మైదానాలకు గడ్డి పెంచుతాండారా?" అంటారు. అననీ. నాకు కూడు పెట్టే పని అది. గుమ్మఘట్ట దాటినాక, వల కప్పిన షెడ్డులో గరిక కుండీల మధ్యే నా పొద్దంతా.

పని చెప్తే సులువే. గడ్డికి పట్టే ఒక వైరస్‌కు కోరలు పీకి, దాంట్లో గరిక జన్యువు ముక్కొకటి అతికిస్తాం. ఆ వైరస్ కలిపిన రసం ఆకుకు పూస్తే, గరిక వైరస్‌ను అణచబోయి తన సొంత జన్యువునే అణచేసుకుంటుంది. ఏది అణగితే గడ్డి ఎండకు మాడిపోతుందో అట్ల కనిపెట్టొచ్చు. ముందు పచ్చదనం కాపాడే జన్యువు మీద పరీక్ష చేస్తాం. ఆకు తెల్లబడితే రసం పనిచేసినట్టే. పూసేది చేత్తోనే. గరుకు పొడి చల్లి, ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా రుద్దాల. వేలు ఆనినంత మేర ఆకుకు అడ్డంగా తెల్లచార పడతాది.

ఈసారి గరిక మా విజయభాస్కర్ సార్ తెచ్చినాడు. వంక ఒడ్డున చుట్టూ అంతా మాడిపోయి ఉంటే, ముళ్ళకంప కప్పిన చిన్న దిబ్బ మీద ఇదొక్కటే పచ్చగా ఉండిందంట. "కరువును గెలిచిన గరిక, కృపా!" అని ఒకటే మురిసిపోయినాడు.

రసం పూసిన కుండీల్లో తెల్లచారలు వచ్చినాయి. సంబరపడినాం. తర్వాత పూయని కుండీల్లోనూ వచ్చినాయి.

బడి వదిలినాక నా కూతురు రూతు షెడ్డుకే వస్తాది. దాని పనేననుకుని చెవి మెలిపెట్టినా. "నేను కాదమ్మా" అని ఏడ్చింది. దాని వేలు లాగి చార మీద పెట్టి చూసినా. చార ఇంకా సన్నం. ఒకటో తరగతి పిల్ల వేలికన్నా చిన్న వేలు షెడ్డులోకి యాడనుంచి వస్తాది?

మర్నాడు పొద్దున హనుమక్క గేటు కాడికొచ్చింది. పక్క పల్లెలో కూలి పని చేసుకునే మనిషి. చంకలో బిందె ఉండాది.

"నా బిడ్డ మీద గరిక మీరే పెరికినారంట కదా కృపమ్మా. జరమొచ్చి, నీళ్లు నీళ్లు అంటానే పోయింది. అందుకే దినామూ ఆడ నీళ్లు పోస్తాంటి. నా గరిక నాకిచ్చేయండి తల్లీ."

కరువును గెలిచింది గరిక కాదు, ఆ తల్లి బిందె. పసిబిడ్డలను మా పక్క కాల్చరు, పూడుస్తారు. కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప వేస్తారు. పట్నంలో పెరిగిన సార్‌కు అది మేకలు రాకుండా వేసిన కంప అనిపించింది.

వైరస్ పూసిన గడ్డి గేటు దాటకూడదు. నేను ఎంత బతిమాలినా సార్ వినలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ మధ్యాహ్నమే అన్ని కుండీలనూ పెద్ద ఆవిరి కుక్కర్లో పెట్టి ఉడికించేసినాడు.

పొద్దు గూకింది. కరెంటు లేదు. షెడ్డంతా ఉడికిన గడ్డి వాసన. ఇంటికి పోదామని రూతును వెతికితే, ఖాళీ బల్ల కింద కూచోని, చెంబు వంచి పట్టుకుని ఉండాది. బల్ల కింద చీకట్లో ఎవరో గుటకలేస్తాండారు. గుటక... మళ్ళీ గుటక...

"ఎవరితో ఉండావే?" గుసగుసగా అడిగినా.

"ష్... తాగుతాండాది."

చెంబు లాక్కున్నా. ఖాళీ. నేల తడిమినా... పొడిగా ఉండాది.

బిడ్డను ఎత్తుకుని ఉరికినా. ప్రభువా, నా బిడ్డను నాకు మిగల్చు అని దారి పొడుగునా ఏడుస్తానే ఉన్నా.

ఇంటికి రాంగానే రూతు నీళ్లడిగింది. తాగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ... మళ్ళీ. బిందె అడుగంటింది. దాని పెదాలు మాత్రం ఎండిపోయి పగిలి ఉన్నాయి.

"చాలు నా తల్లీ... ఎన్ని తాగుతావు?"

"నాకు కాదమ్మా."

గ్లాసు కోసం చెయ్యి చాచింది. మణికట్టుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి తెల్లచారలు. రూతు వేలినే తెచ్చి వాటి మీద ఆనించినా.

చారలు ఇంకా సన్నం.