చివరి సైటులో మూడో బ్యాగు

రామనామం తలుచుకుని కాస్త దగ్గరికి జరగండి... ఇది విన్న కథే, కన్నది కాదు.

టొరంటోకి ఉత్తరాన, ఓ సరస్సు ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అందులో చివరి సైటుకి మంచి పేరు లేదు. ఎప్పుడో ఓ వేటగాడు అక్కడ చలికి కొయ్యబారి పోయాడట. ఇప్పటికీ వెచ్చదనం వెతుక్కుంటూ వస్తాడట... అదీ, పడుకున్నవాళ్ళ కాళ్ళ దగ్గరికి!

అక్టోబరు చలిలో రంగనాథ్‌గారికి సరిగ్గా ఆ సైటే దొరికింది. రిటైరైన ఇంజినీరు. కొత్తగా కొన్న, కారు వెనక తగిలించుకునే బుల్లి ఇల్లులాంటి ట్రైలరంటే ప్రాణం. కూతురు సుధామయి మాత్రం ఖండితంగా చెప్పేసింది:

"కరెంటు లేకుండా ఒక్క రాత్రి ఉండి చూపించండి నాన్నా. మోటెల్‌కి పరిగెత్తారో, ట్రైలర్ అమ్మేద్దాం."

"నేనా? పరిగెత్తడమా?"

చీకటి పడకముందే బ్యాటరీ చచ్చింది. గ్యాస్ నిండుగానే ఉంది, కానీ హీటర్ ఫ్యాన్ తిరగదే! ఆయన కిటికీలకి ఫోమ్ ముక్కలు కుక్కారు. స్టవ్ మీద నీళ్ళు కాచి మూడు హాట్ వాటర్ బ్యాగులు నింపారు. భార్య కాళ్ళకి ఒకటి, తన కాళ్ళకి రెండు.

"రేపు అట్లతద్ది," భార్య బాలత్రిపురసుందరిగారు నిట్టూర్చారు. "ఇంట్లో అయితే ఓవెన్‌లో లైటేసి పెడితే ఈ పిండి పొంగేది."

"ముందు మనం గడ్డకట్టకుండా ఉంటే చాల్లే త్రిపురా..."

ఏ జామునో ఆయనకి మెలకువొచ్చింది. పాదాలు మంచుముక్కలు. తడిమి చూస్తే... బ్యాగులు లేవు. రెండూ లేవు!

బుడ... బుడ... బుడ...

కాళ్ళవైపు ఎవరో ఊపిరి తీస్తున్నారు. కారు తాళాలు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. పరిగెత్తితే — ట్రైలర్ పోతుంది. ఉంటే — ప్రాణం!

"శ్రీ ఆంజనేయం..." అని అందుకున్నారు.

ఠంగ్!

మెత్తగా... తడిగా... ఏదో పాదం మీదికి పాకింది.

"త్రిపురా!" కేక పెట్టబోతే గుసగుసే వచ్చింది.

ఆవిడ టార్చి వేశారు. ఆయన బొటనవేలి మీదుగా తెల్లగా జారుతోంది... అట్లపిండి. కాళ్ళ పైనున్న అలమరలో శాలువా కప్పుకున్న గిన్నె, మూత ఎగరేసి మరీ పొంగింది!

"అమ్మయ్య, గౌరీదేవి దయ! పొంగిందండీ!"

"నా బ్యాగులేవే?"

"గిన్నె కింద పెట్టా. పిండికి చలి కాదూ?"

"మరి మొగుడికి కాదూ! సరే, రెండోది ఇటివ్వు."

ఆవిడ టార్చి గిన్నె కిందికి వేసి చూశారు.

"నేను తీసింది ఒక్కటేనండీ..."

తెల్లారింది. తలుపు గడియ వేసినట్టే ఉంది. బయట బల్లంతా తెల్లటి మంచు పేరుకుంది. నడిమధ్యన ఆ బ్యాగు. దానికి అటూ ఇటూ, ఎవరో చేతులు కాచుకున్నట్టు... మంచు కరిగిన రెండు అరచేతుల ముద్రలు.

ఆవిడ దణ్ణం పెట్టుకుని, తొలి అట్టు వేసి, పొగలు కక్కుతుండగానే తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టొచ్చారు.

అంతలో ఫోను.

"నాన్నా, ఉన్నారా, పారిపోయారా? కాళ్ళు వెచ్చగా ఉన్నాయా?"

"ఉన్నామమ్మా," అన్నారు రంగనాథ్‌గారు, బల్లవైపు చూడకుండా. "ముగ్గురం... వెచ్చగానే ఉన్నాం."