అళగమ్మాళ్ వక్కాకు పెట్టె

విరుదునగర్‌లో నూనె కొట్ల వీధిలో ఒక మేడగది ఉండేది. 1933లో ఆ గదిలోనే తిరుపతిసామి నాయకర్ అనే ప్రైవేటు డిటెక్టివ్ కాపురమూ, కచేరీ రెండూ నడిపేవాడు. ఒకప్పుడు పోలీసుల దగ్గర రైటరుగా చేసి, పైవాళ్ళు చెప్పినదల్లా రాయలేక బయటికొచ్చిన మనిషి. ఆయన సహాయకుడు అయ్యాసామి. అయ్యాసామికి ఆయనంటే దేవుడితో సమానం, రోజుకు రెండుసార్లు తప్ప.

ఆ రెండుసార్లూ నాయకర్ కాఫీ తాగే వేళలు. ఆయన ఇత్తడి గ్లాసు పెదవికి ఆనించి సుర్రుమని ఒక గుక్క లాగేవాడు. అంతే, అయ్యాసామి మెడనరాలు బిగుసుకునేవి, కాలివేళ్ళు ముడుచుకునేవి. ఆ గ్లాసు లాక్కుని వీధిలోకి విసిరికొట్టాలనిపించేది. పదకొండేళ్ళుగా సరిగ్గా ఆ వేళకు కిటికీ దగ్గరికి పోయి, వీధిలో ఏదో వింత జరుగుతున్నట్టు నిలబడేవాడు. అన్నం పెట్టే మనిషి గుటక చప్పుడే పడకపోతే నేనేం మనిషినని తనను తానే తిట్టుకునేవాడు. అంతకుముందు బడిపంతులు పని మానిందీ పలకల మీద బలపాల కీచును తట్టుకోలేకే. ఊళ్ళో మాత్రం గొంతునొప్పి అని చెప్పుకున్నాడు.

ఆ సోమవారం పొద్దున కిటికీ దగ్గర ఉండబట్టే, కింద మెట్ల దగ్గర తటపటాయిస్తున్న ఆడమనిషి ముందుగా అతని కంటపడింది. ముప్పై ఏళ్ళుంటాయి. పైకొచ్చి, చాపమీద ఒక అంచున కూర్చుని, చీర కొంగు మెలిపెడుతూ మొదలుపెట్టింది.

"నా పేరు కృష్ణమ్మాళ్ అయ్యా. కోవిల్‌పట్టిలో పత్తి ఏజెంటు నల్లసామి మా ఇంటాయన. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు. శుక్రవారం మా అత్త పాంబడాలు పొయ్యినాయి."

ఆ వైపు పెద్దవయసు ఆడవాళ్ళకు చెవితమ్మెలు భుజాల దాకా సాగి ఉంటాయి. వాటికి వేలాడే బరువైన బంగారు నగలే పాంబడాలు. అవి తీస్తే వాళ్ళకు వీధిలోకి రావడానికే చిన్నతనం.

"ఎక్కడ పెట్టింది మీ అత్త?"

"వక్కాకు పెట్టెలో అయ్యా. తలంటి పోసుకునే దినం నా చేతికిచ్చేది. ఆ పొద్దు నేను గుడికి పోయింటిని. పెట్టెలో వేసి, పెట్టెను తిన్నె మీదనే వదిలి పెరట్లోకి పొయ్యింది. వచ్చి చూస్తే పెట్టే లేదు. ఇసక్కి తీసిందంటాది."

"ఇసక్కి ఎవరు?"

"ఇసక్కియమ్మాళ్. ముప్పై ఏండ్లుగా మా ఇంట్లో పనిచేస్తాది. అరవమనిషి, మా అత్త దగ్గరదా తెలుగు నేర్చుకునింది. నా బిడ్డను పెంచింది ఆమే. మూడు దినాలుగా అన్నం ముట్టలేదు. ఈ పొద్దు పోలీసును పిలిపిస్తానని అత్త పట్టు పట్టింది. నాకు బయంగా ఉండాదయ్యా."

అరచేతిలో వెలిగే కర్పూరాన్ని ఆర్పి ప్రమాణం చేయడం ఆ ఊళ్ళలో పెద్ద సత్యం. అబద్ధం చెప్పి ఆర్పితే వంశం నిలవదంటారు. ఆ కర్పూరాన్నే అక్కడ సూడం అంటారు. ఇసక్కియమ్మాళ్ తానే సూడం తెమ్మందట. అత్తాకోడళ్ళు కూడా ఆర్పడానికి సిద్ధపడ్డారు.

"మా ఇంటాయనదా వద్దన్నాడు. దేవుణ్ణి దీంట్లోకి లాగొద్దు, ఆమెను ఊరికే పంపించేస్తే పోతాదన్నాడు. ఆయనది అంత మెత్తని మనసయ్యా."

నాయకర్ కాఫీ గ్లాసు కింద పెట్టి, రైలు వేళ ఎంతో చూడమన్నాడు.

కోవిల్‌పట్టిలో నల్లసామి ఇల్లు అడిగితే దారి చెప్పినవాడు కథ కూడా చెప్పాడు. తల్లికి తన చేత్తో అన్నం కలిపి పెట్టనిదే ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టడట. పెట్టి, వెంటనే ఊరి బయట తోటకు పోయి, అక్కడే తన ముద్ద తింటాడట. అలాంటి కొడుకు పదూళ్ళలో లేడని ఆ మనిషి చెంపలు వేసుకున్నాడు.

అళగమ్మాళ్‌కు డెబ్బై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. ఖాళీ చెవితమ్మెలను కొంగుతో కప్పుకుని నులకమంచం మీద కూర్చుని ఉంది.

"నగలు పోతే పొయ్యినాయి, నా రోలు కూడా పొయ్యె గదయ్యా," అంది ముందుగా. "నా మొగుడు సాత్తూరు సంతలో కొనిచ్చిన చిన్న ఇనుప రోలు, ఆ పెట్టెలోనే ఉంటాది. పండ్లు లేనిదాన్ని, దాంట్లో దంచుకునిదా వక్కాకు వేసుకునేది. పొద్దున మొదలుపెడితే పడుకునేదాకా టక్కుటక్కుమని దంచుకుంటా ఉంటాను."

"నగలు పెట్టెలో వేస్తుంటే ఎవరు చూశారు?"

"ఇసక్కి ఒకతే. నడమ శీకాయ పొడికని ముందుకు వచ్చిపొయ్యింది కూడా. ఇంకెవరికి తెలుస్తాది?"

"పెట్టె బరువెంత?"

"రెండు చేతులా ఎత్తాల. ఇనుము గదా లోపల!"

ఇంట్లో ఇంతకుముందు ఏవైనా పోయాయా అని నాయకర్ అడిగాడు. కృష్ణమ్మాళ్ నవ్వబోయి ఆపుకుంది. పోయినవి దొంగ ముట్టేవి కావట. దూడ మెడలో గంట ఉంది, గంట లోపలి నాలుక పోయింది. పాప గజ్జెల్లో మువ్వలు ఊడిపోయాయి. ఊయలబల్ల గొలుసులు నూనె పెట్టినా కిర్రుమంటున్నాయని నల్లసామే విప్పి అటక మీద పడేశాడు. పొద్దున్నే కూసే పుంజును ఎవరో చుట్టాలకు ఊరికే ఇచ్చేశాడు.

ఇసక్కియమ్మాళ్ పెరటి గుమ్మం దగ్గర నిలబడే జవాబు చెప్పింది. ఏడవలేదు.

"నేను తియ్యలేదు సామీ. ఆ అమ్మకు ముప్పై ఏండ్లు తలకు నూనె పెట్టిన చేతులు ఇవి. సూడం ఇయ్యండి, ఇప్పుడే ఆర్పుతాను."

చివరికి నల్లసామి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది, కళ్ళకింద నలుపు. అప్పటి షోకు మనుషుల్లాగే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకున్నాడు. అత్తరులో ముంచిన దూది చెవిలో దోపుకోవడం అప్పట్లో మర్యాదస్తుల లక్షణం.

"శుక్రవారం అమ్మ తలంటుకునే వేళ మీరెక్కడ ఉన్నారు?"

"తోటలో ఉంటినండి. మా తోటమనిషి కరుప్పయ్యను అడగండి." ఒక్క క్షణం ఆగి, "పోలీసు వద్దండి. ఆమెను ఆమె ఊరికి పంపించేస్తే సాలు. పోయిన బంగారం నేను చేయించి ఇస్తాను," అన్నాడు.

లోపల ముసలమ్మ బోసినోటితో చప్పుడయ్యేలా మజ్జిగన్నం చప్పరిస్తోంది. నల్లసామి పాదాల వైపు అనుకోకుండా చూశాడు అయ్యాసామి. వేళ్ళు నేలను పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. కాఫీ వేళ తన వేళ్ళు ముడుచుకున్నట్టే. ఒకే అరుగుమీద జానెడు దూరంలో కూర్చున్నారు ఇద్దరూ. ఆ దూదికి అత్తరు వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. అలాంటి దూది ఉండ అయ్యాసామి చొక్కా జేబులోనూ ఒకటి ఉంది.

నాయకర్ అయ్యాసామిని వెంటబెట్టుకుని తోటకు పోయి కరుప్పయ్యతో మాట్లాడాడు. తిరిగొచ్చే దారిలో అయ్యాసామితో అన్నాడు: "నగల సంగతి తెలిసినవాడైతే నగలే తీసుకుని పెట్టె వదిలేస్తాడు. రెండు చేతులా ఎత్తాల్సిన ఇనుమును ఎవడు మోస్తాడు? అంటే దొంగకు కావలసింది రోలు. ఎవరో కూడా నాకు అనుమానం ఉంది. కానీ అణాల ఖరీదు చేసే రోలు వాడికెందుకు? అది తెలియందే నా మాట ఎవరూ నమ్మరు. నీకేమైనా తోస్తోందా?"

"లేదయ్యా," అన్నాడు అయ్యాసామి.

ఆ ఒక్క మాటకు జీవితాంతం తల దించుకోవలసి వస్తుందని అతనికి అప్పుడే తెలుసు. చెప్పాలంటే, ఎలా తెలిసిందని అడుగుతాడు కదా ఆయన? మీ కాఫీ గుటక చప్పుడు వల్ల తెలిసిందయ్యా అని ఏ నోటితో చెప్పడం?

వాళ్ళు తిరిగొచ్చేసరికి వీధి అంతా ఆ ఇంటి ముందే ఉంది. పోలీసు జవాను అనుకున్నదానికంటే ముందే వచ్చి, ఇసక్కియమ్మాళ్ గుడ్డమూటను అరుగుకింద విప్పిస్తున్నాడు. రెండు పాత చీరలు, ఒక దువ్వెన, పాపకు పొట్టిదైపోయిన ఒక గౌను. అన్నీ మట్టిలో పరిచి ఉన్నాయి. ఇసక్కియమ్మాళ్ వాటివైపు చూడకుండా ఎదురింటి గోడను చూస్తూ నిలబడింది. గంట ముందు తను నోరు విప్పి ఉంటే ఆ మూట విప్పేవాళ్ళు కాదు. ఆ మాట అయ్యాసామి తనలో తాను మూడుసార్లు అనుకున్నాడు.

నాయకర్ జవానును ఆగమని, ఇంటివాళ్ళందరినీ అరుగుమీద కూర్చోబెట్టాడు. వెంట వచ్చిన కరుప్పయ్యను మాత్రం చెవిలో ఏదో చెప్పి తోటకు పంపాడు. పెట్టె బరువు సంగతి, రోలు సంగతి విడమరచి చెప్పాడు.

"పెట్టెలో నగలు ఉన్నాయని తెలియనివాడే దాన్ని తీశాడు. ఇసక్కియమ్మాళ్‌కు తెలుసు, కాబట్టి ఆమె కాదు. కర్పూరం ఆర్పడానికి అందరూ ఒప్పుకున్నారు, ఒక్కరు తప్ప. శుక్రవారం పొద్దున పైపంచెలో బరువైన మూటతో తోటబావి దగ్గర నిలబడిందీ ఆయనే. కరుప్పయ్య దండం పెడితే కూడా చూడలేదట."

అందరూ నల్లసామి వైపు తిరిగారు. ముసలమ్మ ముందు తెల్లబోయి, తరువాత బోసినోటితో నవ్వేసింది.

"నా కొడుకా! నా రోలు వానికి ఎందుకయ్యా? వక్కాకు కూడా వేసుకోడే! నాకు ముద్ద కలిపి పెట్టే బిడ్డ నా రోలు దొంగిలిస్తాడా? ఏందయ్యా ఈ మాట?"

వీధిలో కూడా నవ్వు లేచింది. జవాను ఇసక్కియమ్మాళ్ వైపు కదిలాడు.

"ఆ చప్పుడు పడక," అన్నాడు అయ్యాసామి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. లేచి నిలబడ్డాడు.

"టక్కుటక్కుమనే ఆ చప్పుడు పడక తీశారమ్మా. దూడ గంట, పాప గజ్జెలు, ఊయల గొలుసులు, కోడిపుంజు, అన్నీ అందుకే పోయాయి. ఆయన చెవుల్లో ఉన్నది అత్తరు దూది కాదు, వాసన చూడండి. అన్నం పెట్టి తోటకు పోయేది, మీరు తింటుంటే వినలేక."

"తల్లి తినే చప్పుడు పడనివాడు ఉంటాడా లోకంలో?" అన్నారెవరో.

"ఉంటాడండి. నేనున్నాను." జేబులోంచి దూది ఉండ తీసి చూపించాడు. "నాకు విద్య నేర్పి, పదకొండేళ్ళుగా అన్నం పెడుతున్న ఈ అయ్య కాఫీ తాగితే నాకు ఆ గ్లాసు పగలగొట్టాలనిపిస్తుంది. ఆయన తప్పేమీ లేదు. కోపం కాదు, ద్వేషం కాదు. ఏమిటో నాకూ తెలియదు. చెప్పుకోడానికి సిగ్గేసి, ఇందాక తెలిసిన సంగతిని ఇంతసేపు దాచాను."

నాయకర్ ముఖం ఎలా ఉందో చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు.

నల్లసామి తన చెవుల్లోంచి దూది తీసి, రెండు ఉండలనూ అరుగుమీద పెట్టాడు. తరువాత చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"నగలు ఉన్నాయని తెలియదమ్మా. బావిలో వేసి ఇంటికి వచ్చినాక తెలిసింది. ఎందుకు వేసినావంటే ఏమని చెప్పేది? ఊరంతా నన్ను పొగడతా ఉంటే, మా అమ్మ నోరు కదిలితే నాకు ఒళ్ళు మండతాదని ఎట్ల చెప్పేది?"

అప్పుడే కరుప్పయ్య తోటబావిలో మునిగి తీసిన పెట్టెతో వచ్చాడు. ఒంటిమీద నీళ్ళు కారుతున్నాయి. పెట్టెలో పాంబడాలు, రోలు, నానిన తమలపాకులు అన్నీ ఉన్నాయి. ముసలమ్మ నగలు ముట్టుకోలేదు. రోలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళుగారా?"

"నాయన పొయ్యినప్పటినుంచి."

"పదిహేనేండ్లు." ఆమె ఒళ్ళోని రోలు నిమిరింది. "ఒక మాట చెప్పింటే పెరట్లో కూర్చుని దంచుకుందును గదరా, నల్లసామీ."

ఇసక్కియమ్మాళ్ అప్పటికే మట్టిలో కూర్చుని చీరలు దులిపి మడుస్తోంది. కృష్ణమ్మాళ్ ఏడుస్తూ సాయానికి వంగితే, చెయ్యి అడ్డం పెట్టింది. నల్లసామి మెట్టు దిగి వచ్చి, ఇసక్కీ అని ఏదో అనబోయాడు.

"మీ సిగ్గు దాచుకునేదానికి నా మూట విప్పించినారు సామీ," అంది ఆమె తలెత్తకుండా. "అదొకటిదా నాకు అర్థమైంది."

మూట ముడి వేసుకుని, పాప గౌను మాత్రం అరుగుమీద మడిచి పెట్టి, వీధి మధ్యగా నడిచి వెళ్ళిపోయింది. జనం దారి ఇచ్చారు. ఆ మాట నల్లసామితో అన్నదే అయినా, సగం తనదేనని అయ్యాసామికి తెలుసు. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. వెనక వెళ్ళి క్షమించమని అడిగే ముఖం అతనికి లేదు.

స్టేషన్‌లో రైలు ఆలస్యమన్నారు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళల్లో గడ్డిపోచ కూడా వదలకుండా వెతుకుతాను నేను," అన్నాడు నాయకర్. "పదకొండేళ్ళు నా గదిలో, నా ఎదురుగా ఉన్నదాన్ని చూడలేదు. కిటికీలోంచి నువ్వు వీధి చూస్తున్నావనే అనుకున్నాను, అయ్యాసామీ."

"మీ తప్పు లేదయ్యా."

కాఫీ అమ్మేవాడు వచ్చాడు. నాయకర్ అలవాటుగా గ్లాసు అందుకుని, పెదవి దాకా తెచ్చి ఆగాడు. లేచి, గ్లాసు కాలిపోతుంటే పైపంచెతో పట్టుకుని, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెళ్ళాడు. పత్తి బేళ్ళ అవతల, ఇటువైపు వీపు పెట్టి, దొంగతనంగా తాగేవాడిలా ఒంగి తాగాడు.

పిలవాలి, అనుకున్నాడు అయ్యాసామి. ఇక్కడే తాగండయ్యా అనాలి. ఆ ఒక్క మాటకు నోరు తెరిచాడు కూడా. కానీ ఇటువైపు ఎంతో హాయిగా ఉంది. ఏ చప్పుడూ లేదు. ఆయన గ్లాసు ఖాళీ చేసి వెనక్కి వచ్చేదాకా అతను పిలవలేదు. వచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాడు.