గొళ్లెం జారిన కుర్చీ

ఆ ఉదయం కూడా కోడలే కొట్టు షట్టర్ ఎత్తింది. చంటిపిల్లల్ని కూర్చోబెట్టి అన్నం తినిపించే ఎత్తు కుర్చీల్ని వరసగా పెట్టి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచింది. వెనక షెడ్డులో మామగారు అప్పటికే గొట్టాలు కోస్తున్నారు. మడత కుర్చీలు చేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. వీధి పిల్లలంతా కుర్చీల తాతా అని పిలుస్తుంటే ఆయన మొహం చేటంత అయ్యేది.

తుడవడం పూర్తి కాకముందే ఒక కుర్రాడు దుప్పటిలో చుట్టిన కుర్చీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కళ్లు వాచి ఉన్నాయి. తన పాపను అందులో కూర్చోబెట్టి, నీళ్ల కోసం అటు తిరిగాడట. అంతలో గొళ్లెం జారి కుర్చీ మడతపడింది. పాప రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. డాక్టర్లు అతకలేకపోయారు.

అతను గొంతు పెంచలేదు. "ఇలాంటివి ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయండీ?" అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

కోడలు బరువు కోసం మేకుల సంచీ తెచ్చి, కొట్టులో ఉన్న కొత్త కుర్చీల్లో ఒక్కొక్కదాని మీదా పెట్టి పక్కకు ఊపి చూసింది. ఏ గొళ్లెమైనా పడినట్టే టక్కుమంటోంది. కానీ బరువు ఒక పక్కకు ఒరిగితే కొన్ని జారిపోతున్నాయి. ఆమె షట్టర్ సగానికి దించి, వినియోగదారుల భద్రతా కార్యాలయానికి ఫోన్ చేసింది. కొట్టు పేరు చెప్పకుండానే విషయం అడిగింది. ప్రమాదమని తెలిసిన క్షణం నుంచి అమ్మకం ఆపాలనీ, తమకు తెలియజేయాలనీ, కొన్నవాళ్లందరినీ హెచ్చరించి కుర్చీలు వెనక్కి తీసుకోవాలనీ అక్కడి అధికారిణి చెప్పింది. ఆ బాధ్యత చేసినవాళ్లదే కాదు, అమ్మినవాళ్లది కూడానట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఇదంతా చెప్పేసరికి మామగారి చేతిలో ముద్ద అక్కడే ఆగింది. పిల్లను సరిగ్గా కూర్చోబెట్టి ఉండరని ఆయన అన్నారు. భర్త మధ్యేమార్గం వెతికాడు. ఇకమీదట గొళ్లెం మారుద్దామనీ, ఆ పాప వైద్యం మనమే చూసుకుందామనీ, అమ్మేసిన వాటిని కదిలించడం ఎందుకనీ అతని మాట.

"కార్యాలయానికి చెబితే ఈ షట్టర్ మళ్లీ లేవదమ్మాయ్," అన్నారు మామగారు. "ఈ ఇంట్లో ఉంటూ నా చేతికే వంక పెడతావా?"

"వంక మీ చేతికి కాదు మామయ్యా, ఆ గొళ్లేనికి. ఇప్పుడు మనకు తెలిసిపోయింది. ఇంకో పిల్లకి ఏమైనా అయితే తెలీక జరిగిందని అనలేం."

"ఒక్క కుర్చీ జారితే అన్నీ జారుతాయా?"

అంతవరకూ నోరు మెదపని అత్తగారు కంచం పక్కకు జరిపింది. "ఒక్కటి కాదు. చలికాలంలో ఒకావిడ రాలేదూ? పిల్లాడి చెయ్యి నలిగిందని ఏడుస్తూ వచ్చింది. మీరు గొళ్లేనికి నూనె వేసి పంపించేశారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనూ ఊరుకున్నాను."

మామగారు చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లిపోయారు. చాలాసేపు అక్కడి నుంచి చప్పుడు లేదు. మనసు ఆగక కోడలు వెళ్లి చూసింది. ఆ కుర్రాడు తెచ్చిన కుర్చీ ముందు ఆయన చతికిలబడి ఉన్నారు. మడత సందులో పెన్సిల్ పెట్టి గొళ్లెం వదిలినట్టున్నారు. పెన్సిల్ రెండు ముక్కలై నేల మీద పడి ఉంది.

"నూనె వేశానమ్మాయ్," అన్నారు తల ఎత్తకుండా. "చూడాల్సింది పోయి నూనె వేశాను."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. కొంతసేపటికి ఆయనే లేచి, కార్యాలయానికి మళ్లీ ఫోన్ కలపమన్నారు. ఈసారి కొట్టు పేరు, తన పేరు ఆయనే చెప్పారు. చలికాలం సంగతి కూడా దాచలేదు. విచారణ ఉంటుందనీ, ఈలోగా ఒక్క కుర్చీ కూడా బయటికి వెళ్లకూడదనీ అట్నుంచి చెప్పారు. భర్త బయటికి వెళ్లి షట్టర్ పూర్తిగా దించేశాడు.

ఇంటికి కుర్చీలు చేరవేయించుకున్నవాళ్ల నంబర్లు కోడలి ఫోన్‌లో ఉన్నాయి. కొందరు తిట్టారు, కొందరు ఎత్తనే లేదు. ఒకరు ఆ కుర్చీని ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆ ఎవరో ఎవరని ఆమె మళ్లీ మళ్లీ అడిగింది. మామగారు ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని తర్వాతి నంబరు కలిపారు.

ఒక తల్లి ఎత్తింది. వెనక గిన్నె మీద చెంచా కొడుతున్న చప్పుడు, పసిపిల్ల కేరింత. కుర్చీ మాట ఎత్తగానే ఆవిడ నవ్వింది. "బాగుందండీ, ఇదిగో ఇప్పుడు కూడా అందులోనే కూర్చుని తింటోంది."

మామగారు గభాలున లేచి నిలబడ్డారు. "పాపని ఎత్తుకోమ్మా."

"ఎందుకండీ?"

"అన్నీ చెబుతాను తల్లీ. ముందు పాపని ఎత్తుకో."

ఫోన్‌లో ఏదో కదిలింది. పిల్ల గునిసింది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఎత్తుకున్నానండీ," అంది ఆవిడ.

ఆయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఏడ్చేశారు. కోడలు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఫోన్‌లో ఆవిడ ఎవరు మీరు, ఏమైందని అడుగుతూనే ఉంది.

"నేనమ్మా," అన్నారు చివరికి. "ఆ కుర్చీ చేసినవాణ్ణి."