నూలు పేలిక

బానిసత్వం పోవాలనే 'విముక్తి' పత్రిక అచ్చుయంత్రాన్ని రాత్రి ఓ మూక ఎత్తుకెళ్ళింది. తెల్లారేసరికి అది ఒహాయో నదిలో ఉంది. మధ్యాహ్నానికి, పత్రికకి అక్షరాలు కూర్చే కంపోజిటర్ సైరస్ కెజయా గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, మూకకి చోటు చెప్పింది నేనేనట. ఊరు వదిలి పొమ్మంటున్నారు. ఆవలి గట్టున బానిసత్వం ఉంది, అక్కడ చిక్కితే నన్ను అమ్మేస్తారు."

అతనిలాగే కెజయా కూడా నల్లజాతి మనిషి, ఎవరికీ బానిస కాదు. ఎవరో ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేసిన నల్లవాళ్ళ జాడ తీయడం ఆమె వృత్తి. ఆమె కంటికి కనపడనిది లేదని సహాయకురాలు టాబీ నమ్మకం.

అచ్చుయంత్రం దాచిన గోదాం నిండా ఒకేలాంటి పెట్టెలు. మూక ఒక్కదాన్నే పగలగొట్టింది. విరిగిన చెక్కకి ముడేసిన గోధుమరంగు పేలిక వేలాడుతోంది. కెజయా దాన్ని నలిపి చూసి, "నూలు," అంది.

"బానిసలు పండించిన పత్తి ముట్టమని ఈ పత్రిక వాళ్ళంతా ఒట్టేసుకున్నారు కదక్కా!" అంది టాబీ.

"అందుకే అడుగుతున్నా. ప్రెస్సు ఏ పెట్టెలో ఉందో ఎవరికి తెలుసు సైరస్?"

"ఎడిటర్ ఫిలాండర్ గారికి, పత్రిక నడిపే సంఘం అధ్యక్షుడు హైరమ్ గారికి, నాకు. నిన్న ముగ్గురమే వచ్చి తాళం వేశాం."

సాయంత్రం పత్రికాఫీసులో కెజయా అందర్నీ కూర్చోబెట్టింది. పొయ్యి భగభగ మండుతోంది. పడవల వ్యాపారి హైరమ్ మాత్రం కోటుకి మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"కోటు విప్పండి, ఉడికిపోతారు," అంది కెజయా.

"జలుబమ్మా."

"జలుబుకి ఇన్ని చెమటలా?" టాబీ కిసుక్కుమంది.

కెజయా పేలిక బల్లమీద పెట్టింది. "మూక చీకట్లో తడుముకోలేదు. పెట్టెకి ఎవరో ముందే గుర్తు కట్టారు. సైరస్ చలికాలమంతా నార చొక్కాతో వణికాడు గానీ నూలు తొడగలేదు. ఎడిటర్ గారిదీ నారే. మీ కోటు పైకి ఉన్ని. లోపలి అస్తరు చూపించండి."

ఆయన కదల్లేదు. ఎడిటరే లేచి బొత్తాలు విప్పాడు. నూలు అస్తరు. చిరిగిన చోట పేలిక సరిగ్గా అతికింది.

"పత్రిక ఆగకపోతే దక్షిణాది బేరగాళ్ళు నా పడవలకి సరుకు ఆపేస్తామన్నారు," అన్నాడు హైరమ్. "కోర్టుకెళ్తారా? తెల్లవాడి మీద నల్లవాళ్ళ సాక్ష్యం చెల్లదు. చెప్పాల్సింది మీరే ఫిలాండర్. కొత్త ప్రెస్సు తెప్పిస్తాను. నా పేరు మాత్రం అచ్చెయ్యకండి."

"ప్రెస్సు లేకపోతే బానిసల గోడు ఎవరు వేస్తారు కెజయా?" అన్నాడు ఎడిటర్.

కొత్త ప్రెస్సు వచ్చింది. అచ్చుకని ఎడిటర్ రాసిచ్చిన వార్త సైరస్ చదివాడు. మూకకి ప్రెస్సు జాడ చెప్పింది ఎవరో తెలియలేదట. పక్కనే పత్రికా స్వేచ్ఛ మీద సంపాదకీయం.

"అయితే చెప్పింది నేనే అనుకుంటారు జనం."

"నువ్వు కాదని నాకు తెలుసు కదా," అన్నాడు ఎడిటర్ నెమ్మదిగా.

సైరస్ ఏప్రన్ విప్పి వెళ్ళిపోయాడు. ఆ వార్తకి అక్షరాలు ఎడిటర్ తానే కూర్చుకున్నాడు. అలవాటు తప్పిన పని, మధ్యాహ్నం దాకా పట్టింది.